ఆర్99 డీజిల్: సరుకు నిఖార్సు, రేటు మాత్రం సర్కారు చేతిలో

కాలిఫోర్నియాలో కొన్ని డీజిల్ పంపుల మీద నారింజ రంగు చీటీ అంటించి ఉంటుంది. నీలం చీటీ ఉంటే అది బయోడీజిల్, నారింజ ఉంటే రెన్యూవబుల్ డీజిల్. రెండూ నూనెల నుంచి, కొవ్వుల నుంచి వచ్చేవే. అయినా ఒకే రుబ్బులోంచి వచ్చిన ఇడ్లీ, దోసె ఒకటి కానట్టే ఇవీ ఒకటి కావు. ఈ సమీక్ష నారింజ చీటీ సరుకు మీద. ట్రక్కుల వాళ్ళు దాన్ని ఆర్99 అంటారు. యూరప్‌లో హెచ్‌వీఓ (హైడ్రోజన్‌తో శుద్ధిచేసిన నూనె) అంటే తెలుస్తుంది.

తీర్పు ముందే చెప్పేస్తే మంచిది. ఇంజన్లో పోసుకునే ఇంధనంగా దీనికి పదికి తొమ్మిది వేయొచ్చు. ఆ పోయిన ఒక్క మార్కు ఎక్కడ పోయిందో మైలేజీ దగ్గర, పాత బండ్ల ఓ-రింగుల (ఇంధనం కారకుండా పట్టే రబ్బరు చుట్టల) దగ్గర తెలుస్తుంది. దీన్ని తయారుచేసి అమ్మే వ్యాపారానికి మార్కులు వేయమంటే మాత్రం 'ఏ నెల లెక్క, ఏ చట్టం కింద?' అని ఎదురు అడగాల్సి వస్తుంది.

పేరులో ఆ 99 ఏమిటన్నది అందరికీ వచ్చే సందేహం. మిగతా ఒక శాతం కల్తీ కాదు, పన్ను చట్టం. 2005 నాటి చట్టంతో మొదలై, మధ్యలో కొన్నిసార్లు గడువు తీరి మళ్ళీ ప్రాణం పోసుకుంటూ, 2024 డిసెంబరు 31 దాకా అమెరికాలో గ్యాలన్‌కు (సుమారు 3.8 లీటర్లు) ఒక డాలరు రాయితీ ఉండేది. అది తయారుచేసినవాడికి కాదు, పెట్రోలియం డీజిల్‌తో కలిపినవాడికి. కనీసం 0.1 శాతం కలిపితే చాలు. నూరు శాతం స్వచ్ఛంగా అమ్మితే ఆ డాలరు పోతుంది. అందుకని పేరుకు కాస్త పెట్రోలియం డీజిల్ ఒలికించి ఆర్99 అన్నారు. ఆ రాయితీ పోయినా పేరు నిలిచిపోయింది.

సీసాలో పోసి చూస్తే

రెండు గాజు సీసాలు తీసుకుని ఒకదాంట్లో మామూలు డీజిల్, ఇంకోదాంట్లో ఆర్99 పోసి కిటికీ దగ్గర పెట్టండి. మామూలు డీజిల్ లేత పసుపు రంగులో ఉంటుంది, మూత తీయగానే ఆ ఘాటు ముక్కుకు తగులుతుంది. ఆర్99 మంచినీళ్ళలా ఉంటుంది. దగ్గర పెట్టుకుని వాసన చూస్తే కొవ్వొత్తి మైనం లాంటి వాసన సన్నగా వస్తుంది. రెండూ పారఫిన్ కుటుంబమే కాబట్టి అది సహజమే. ఘాటు వాసన ఇచ్చే ఆరోమాటిక్కులు ఇందులో దాదాపు లేవు, గంధకం లేనట్టే.

బయోడీజిల్‌కూ దీనికీ తేడా పుట్టేది తయారీలోనే. వంటనూనె అణువు అంటే గ్లిజరిన్ వెన్నెముకకు వేలాడే మూడు పొడుగాటి గొలుసులు, మధ్యలో ఆక్సిజన్. బయోడీజిల్ చేసేవాళ్ళు మిథనాల్, క్షారం వేసి గ్లిజరిన్‌ను విడగొడతారు. ఆక్సిజన్ మాత్రం ఇంధనంలోనే మిగిలిపోతుంది. అందుకే బయోడీజిల్ నీటిని పీల్చుకుంటుంది, నిల్వ ఉంటే పులుస్తుంది, చలికి గడ్డకడుతుంది. రెన్యూవబుల్ డీజిల్‌లో అదే నూనెను 300 డిగ్రీల సెల్సియస్ పైన, భారీ ఒత్తిడిలో, ఉత్ప్రేరకం మీదుగా హైడ్రోజన్‌తో కలిపి పంపుతారు. ఆక్సిజన్ కొంత నీరుగా, కొంత కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి పోతుంది. గ్లిజరిన్ వెన్నెముక ప్రొపేన్‌గా మారుతుంది. అచ్చం మన వంటగ్యాసు బాపతే. మిగిలేది నికరమైన హైడ్రోకార్బన్.

ఇక్కడితో ఆపితే చలికాలంలో నెయ్యి పేరుకున్నట్టు ఈ డీజిలూ పేరుకుంటుంది, ఎందుకంటే గొలుసులన్నీ తిన్నగా ఉంటాయి. అందుకని రెండో రియాక్టర్లో ఆ గొలుసులకు కొమ్మలు వేయిస్తారు. దాన్నే ఐసోమరైజేషన్ అంటారు. కొమ్మలు ఎన్ని ఎక్కువైతే అంత చలికి తట్టుకుంటుంది. కాకపోతే కొంత సరుకు విరిగి నాఫ్తా అనే తేలిక నూనెగా పోతుంది. అందుకే వేసవి సరుకు, శీతాకాలపు సరుకు వేరువేరుగా తయారవుతాయి. మొదటిది సున్నాకు పది డిగ్రీలు దిగువన మబ్బు పడితే (అంటే మైనం పేరుకోవడం మొదలై మసకబారితే), రెండోది మైనస్ 30 దాకా కూడా తట్టుకునేలా చేయొచ్చు.

బండిలో

ఇంధనం ఎంత చప్పున అంటుకుంటుందో చెప్పే సీటేన్ సంఖ్య 70 పైన ఉంటుంది. అమెరికా చట్టం అడిగే కనిష్ఠం 40, మన బీఎస్-6 డీజిల్‌కు 51. దీని ఫలితం పొద్దున్నే మొదటి స్టార్టింగులో తెలుస్తుంది. ఇంజన్ టక్కున అందుకుంటుంది, కటకట శబ్దం తగ్గుతుంది, తెల్లపొగ తక్కువ. మసి తక్కువ పుడుతుంది కాబట్టి పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ నిదానంగా నిండుతుంది, కాల్చి శుభ్రం చేసుకునే రీజనరేషన్లు దూరం జరుగుతాయి. సిటీలో ఆగి ఆగి తిరిగే చెత్త లారీలకు, డెలివరీ వ్యాన్లకు అసలు లాభం ఇదే. హైవే మీద గంటల కొద్దీ ఒకే వేగంతో పోయే సెమీ ట్రక్కుకు (పొడవాటి ట్రైలరు లాగే పెద్ద లారీకి) ఈ తేడా అంతగా కనిపించదు.

ఇక మైలేజీ. ఆర్99 తేలిక. లీటరు 0.78 కిలోల దగ్గర తూగుతుంది, మామూలు డీజిల్ 0.83 దాకా ఉంటుంది. గ్యాలన్‌లో వేడి సుమారు 4 శాతం తక్కువ. వినడానికి చిన్నదే. ఏడాదికి లక్ష మైళ్ళు తిరిగి, గ్యాలన్‌కు ఆరున్నర మైళ్ళిచ్చే సెమీకి 15,400 గ్యాలన్లు పడతాయి. అందులో 4 శాతం అంటే 600 గ్యాలన్ల పైమాటే. గ్యాలన్ 5 డాలర్లు అనుకుంటే మూడు వేల డాలర్లు. కాబట్టి మామూలు డీజిల్ 5 డాలర్లు ఉన్నచోట ఆర్99 ఓ 20 సెంట్లు తక్కువకు దొరికితేనే లెక్క సరిపోతుంది. 'రేటు ఒకటే కదా' అని బంకు వాడు అంటే అది మైళ్ళ లెక్క కాదు, గ్యాలన్ల లెక్క. డీపీఎఫ్ ఖర్చు తగ్గే బండ్లకు మాత్రం ఆ ఇరవై సెంట్లూ అక్కడ వసూలైపోవచ్చు.

పాత బండ్లున్నవాళ్ళు ఇది తప్పక చదవాలి. ఏళ్ళ తరబడి మామూలు డీజిల్ తాగిన నైట్రైల్ రబ్బరు ఓ-రింగులు ఆరోమాటిక్కుల వల్ల కొద్దిగా ఉబ్బి, ఆ ఉబ్బుతోనే గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఒక్కసారిగా ఆర్99 పోస్తే ఆ ఉబ్బు దిగిపోతుంది, రింగు సన్నబడుతుంది, ఇంజెక్షన్ పంపు దగ్గరో ఫిల్టర్ గిన్నె దగ్గరో చెమ్మ కనిపిస్తుంది. ఇంధనం చెడ్డదని తిట్టుకోవాల్సింది లేదు, రబ్బరు ముసలిదైంది. ఫ్లోరోకార్బన్ రింగులు వేయిస్తే ఆ బాధ తీరుతుంది. ఇరవై ఏళ్ళు దాటిన ట్రాక్టర్లు, జనరేటర్లు, పాత పికప్పులు ఉన్నవాళ్ళు మారిన మొదటి రెండు వారాలూ బండి కింద నేల మీద మచ్చలు చూసుకోవాలి.

ఇంకో లోపం దీని జిడ్డుతనంలో ఉంది, అంటే అది లేకపోవడంలో. గంధకం, ఆరోమాటిక్కులు పోయాక వట్టి పారఫిన్ ఇంజెక్షన్ పంపును సరిగా తడపలేదు. అరుగుదల పరీక్షలో అమెరికా హద్దు 520 మైక్రాన్లు. మందు కలపని సరుకు దాన్ని దాటిపోతుంది. అందుకే టాంకర్లు నింపే టెర్మినల్లోనే జిడ్డు పెంచే మందు కలుపుతారు. లేదా 20 శాతం బయోడీజిల్ కలిపి, 80-20 మిశ్రమంగా అమ్ముతారు. బయోడీజిల్‌కు జిడ్డు సహజగుణం, పైగా చవక. ఈ రెండూ ఒకదానికొకటి బాగా అతికిన జోడీ. చలి ప్రాంతాలకు మాత్రం పనికిరాదు.

బయోడీజిల్‌లా ఇది టాంకు గోడల మీద పేరుకున్న మడ్డిని కరిగించి ఫిల్టర్లోకి తోసెయ్యదు. నిల్వ విషయంలో మామూలు డీజిల్ లాంటిదే. అయినా టాంకు అడుగున చేరే నీళ్ళను వారం వారం వదలడం మానొద్దు. ఇంధనం మారినా మంచు కురిసే పద్ధతి మారదు కదా.

గ్యాలన్ చీటీ విప్పితే

ఇక అసలు సంగతి. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, ఈ వ్యాపారంలో ఖర్చంతా నూనెదే. ఒక గ్యాలన్ రెన్యూవబుల్ డీజిల్‌కు సుమారు 8 పౌన్ల నూనె కావాలి. మన కొలతల్లో చెప్పాలంటే కిలో నూనె పోస్తే కాస్త అటూ ఇటుగా లీటరు డీజిల్. పౌను సోయానూనె 50 సెంట్లు అనుకుందాం. నూనెకే 4 డాలర్లు. హైడ్రోజన్, కరెంటు, జీతాలు, ఉత్ప్రేరకం అన్నీ కలిపి అర డాలరు వేసుకుంటే గ్యాలన్ తయారయ్యేసరికి నాలుగున్నర డాలర్లు. అదే రోజు టోకు మార్కెట్లో పెట్రోలియం డీజిల్ 2.30 డాలర్లకు దొరుకుతోందనుకోండి. తయారైన డీజిల్ కన్నా ముడినూనే ఖరీదు! మరి బంకులో రెండూ ఒకే రేటుకు ఎలా అమ్ముతున్నారు?

ఆ తేడాను మూడు చేతులు పూరిస్తాయి.

మొదటిది రిన్. 2005 చట్టంతో మొదలై 2007లో విస్తరించిన ఫెడరల్ పద్ధతి ప్రకారం, పెట్రోలియం రిఫైనరీలు ఏటా ఇన్ని గ్యాలన్ల జీవ ఇంధనం అమ్మినట్టు రుజువు చూపాలి. ఆ రుజువు పత్రమే రిన్. గ్యాలన్ రెన్యూవబుల్ డీజిల్‌కు 1.7 రిన్లు పుడతాయి, బయోడీజిల్‌కు ఒకటిన్నర. రిన్ డాలరు పలికితే గ్యాలన్‌కు 1.70 డాలర్లు.

రెండోది కాలిఫోర్నియా వాళ్ళ తక్కువ కార్బన్ ఇంధన ప్రమాణం, 2011 నుంచి అమల్లో ఉంది. ఇంధనం పుట్టుక నుంచి పొగ దాకా ఎంత కార్బన్ వదులుతుందో మెగాజౌల్ (శక్తి కొలత)కు గ్రాముల్లో లెక్కగట్టి, ఆ ఏటి హద్దుకు ఎంత దిగువన ఉంటే అంత క్రెడిట్ ఇస్తారు. గ్యాలన్ రెన్యూవబుల్ డీజిల్‌లో 129.65 మెగాజౌల్స్ అని వాళ్ళ లెక్క. సోయానూనె డీజిల్ హద్దుకు 30 గ్రాములు దిగువన ఉందనుకుంటే గ్యాలన్‌కు 3.9 కిలోల కార్బన్. టన్ను క్రెడిట్ 50 డాలర్లయితే 19 సెంట్లు. వాడేసిన వంటనూనెతో చేసినదైతే దిగువ తేడా 65 గ్రాములు కావొచ్చు. అప్పుడు 42 సెంట్లు. టన్ను 200 డాలర్లున్న రోజుల్లో అదే 42 సెంట్ల సరుకు 1.69 డాలర్లు తెచ్చేది.

మూడోది పన్ను. పాత డాలరు రాయితీ స్థానంలో 2025 జనవరి 1 నుంచి 45జెడ్ అనే క్రెడిట్ వచ్చింది. కలిపినవాడికి కాదు, అమెరికాలో తయారుచేసినవాడికి. మొత్తం అందరికీ ఒకటి కాదు. పదిలక్షల బీటీయూలకు (ఇదీ వేడి కొలతే) 50 కిలోల కార్బన్ హద్దు పెట్టి, అక్కడి నుంచి సున్నా దాకా ఎంత దిగితే గ్యాలన్‌కు డాలరులో అంత భాగం. 30 కిలోల దగ్గర ఉంటే 40 సెంట్లు. అదీ కూలి, శిక్షణ నిబంధనలు పాటిస్తేనే. పాటించకపోతే అందులో అయిదో వంతే.

ఇప్పుడు కూడండి. డీజిల్‌గా 2.30, రిన్లు 1.70, కాలిఫోర్నియా క్రెడిట్ 0.19, 45జెడ్ 0.40. మొత్తం 4.59 డాలర్లు. ఖర్చు 4.50. మిగిలింది తొమ్మిది సెంట్లు. రిన్ డాలరు నుంచి 60 సెంట్లకు పడిందా, ఆ తొమ్మిది సెంట్ల లాభం 59 సెంట్ల నష్టంగా మారుతుంది. ప్లాంటులో బోల్టు కూడా కదలకుండానే. ఇది ఏ కంపెనీ ఖాతా పుస్తకమూ కాదు, అంకెలు వేసి చూపించిన నమూనా. కానీ ఎవరి పుస్తకం తీసినా గీతలు ఇవే ఉంటాయి.

ఒక్కటి గమనించండి. డీజిల్‌గా అమ్మితే వచ్చేది మొత్తం రాబడిలో సగం. మిగతా సగం వాషింగ్టన్‌లో, కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటోలో రాసిన కాగితాల మీద వచ్చేది.

తాను కూర్చున్న కొమ్మ

క్రెడిట్లకు రేటు తగ్గించింది ఎవరో కాదు, ఈ సరుకే. 2020 ప్రాంతంలో కాలిఫోర్నియా క్రెడిట్ టన్ను 200 డాలర్ల దగ్గర ఉంటే పాత రిఫైనరీలు చాలానే ఇటు తిరిగాయి. వాలెరో, డార్లింగ్ కంపెనీల ఉమ్మడి సంస్థ డైమండ్ గ్రీన్ డీజిల్ 2013లో లూసియానాలోని నార్కోలో మొదలుపెట్టి, 2022 చివర్లో టెక్సస్‌లోని పోర్ట్ ఆర్థర్ ప్లాంటు కూడా నడిపించి, ఏడాదికి 120 కోట్ల గ్యాలన్ల సామర్థ్యానికి చేరింది. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో మారథాన్, ఫిన్లాండ్ కంపెనీ నెస్టే చెరిసగం పెట్టిన మార్టినెజ్ ప్లాంటు 73 కోట్ల గ్యాలన్లది. ఫ్రీమాంట్ నుంచి 680 హైవే మీద బెనీషియా వంతెన వైపు వెళ్ళే తెలుగువాళ్ళు ఆ గొట్టాల పక్కగానే పోతుంటారు. రోడియోలో ఫిలిప్స్ 66 రోజుకు 50 వేల బ్యారెళ్ళ దాకా చేసేలా మార్చింది.

ఇంత సరుకూ కాలిఫోర్నియాకే పరుగెత్తింది. అక్కడ అమ్మితేనే రెండో చేయి సాయం పడుతుంది కాబట్టి. 2024 నాటికి ఆ రాష్ట్రంలో వాడే డీజిల్‌లో సగానికి పైగా ఇదే. ఆరిగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల్లోనూ అలాంటి చట్టాలున్నాయి కాబట్టి కొంత అక్కడికి పోతుంది. టెక్సస్‌లో తయారైన సరుకు టెక్సస్ బంకులో దొరకడం కష్టం. క్రెడిట్లు అవసరానికి మించి పోగుపడ్డాయి. 2024లో టన్ను 50–70 డాలర్ల ప్రాంతానికి దిగింది. రిన్ కథా అంతే. 2024కు ఫెడరల్ ప్రభుత్వం జీవ డీజిల్ కోటా 304 కోట్ల గ్యాలన్లుగా పెట్టింది. ఆ ఏడాది మొదట్లో ఒక్క రెన్యూవబుల్ డీజిల్ ప్లాంట్ల సామర్థ్యమే 400 కోట్లు దాటింది. డాలరున్నర దాటి పలికిన రిన్ 2024లో అరడాలరు చుట్టుపక్కలకు పడింది.

ముందు దెబ్బ తిన్నది బయోడీజిల్ వాళ్ళు. నూనె కోసం పోటీలో వాళ్ళకు పుట్టేది ఒకటిన్నర రిన్లే. 2024 మార్చిలో షెవ్రాన్ అయోవా, విస్కాన్సిన్‌లలో రెండు బయోడీజిల్ ప్లాంట్లు ఆపింది. అలబామాలో మొబిల్ దగ్గర వెర్టెక్స్ కంపెనీ 2023లో హైడ్రోక్రాకర్‌ను (బరువు నూనెలను హైడ్రోజన్‌తో విరిచే యూనిట్‌ను) రెన్యూవబుల్‌కు మార్చి, ఏడాదికే మళ్ళీ పెట్రోలియానికి తిప్పి, 2024 సెప్టెంబరులో దివాలా పిటిషన్ వేసింది. రాటర్‌డామ్‌లో షెల్ తలపెట్టిన ఏడాదికి 8.2 లక్షల టన్నుల ప్లాంటు సగంలో ఆగి, 2025లో రద్దయింది. కాలిఫోర్నియా ఏమో 2025 జులై నుంచి కార్బన్ హద్దులు బిగించి, 2030కి 30 శాతం తగ్గించాలని పెట్టుకుంది. క్రెడిట్లకు గిరాకీ తెప్పించే ప్రయత్నం అది.

2025 జులైలో వచ్చిన చట్టం 45జెడ్‌ను 2029 చివరిదాకా పొడిగించింది. కానీ మెలిక పెట్టింది. 2026 నుంచి అమెరికా, కెనడా, మెక్సికోల్లో పుట్టిన నూనెకే క్రెడిట్. సోయా రైతుకు ఇది పండగ. చైనా నుంచి ఓడల్లో వాడేసిన నూనె తెప్పించుకుని బతికే ప్లాంటుకు తద్దినం. అంతకుముందే 2024 డిసెంబరు 1 నుంచి చైనా కూడా ఆ నూనె ఎగుమతికి ఇచ్చే 13 శాతం పన్ను వాపసు తీసేసింది.

ప్లాంటులో ఏం చెడుతుంది

పాత రిఫైనరీని మార్చడం తేలికని అనిపిస్తుంది. హైడ్రోజన్ యూనిట్ ఉంది, హైడ్రోక్రాకర్ ఉంది, జెట్టీ ఉంది. అసలు ఇబ్బంది ముందుగదిలో వస్తుంది. ముడిచమురులో లేనివి నూనెల్లో ఉంటాయి. సోయానూనెలో ఫాస్ఫరస్ జిగురు, హోటళ్ళ నూనెలో ఉప్పూ నీళ్ళూ, పశువుల కొవ్వులో కరిగిపోయిన ప్లాస్టిక్ సంచులు. ఫాస్ఫరస్, సోడియం, కాల్షియం లాంటివి పదిలక్షల్లో కొన్ని భాగాలు మిగిలినా ఉత్ప్రేరకం పైపొర మీద అట్టలా కడతాయి. రియాక్టర్ కింద, పైన ఒత్తిడి తేడా పెరుగుతూ పోతుంది. ఏడాది నడవాల్సిన ఉత్ప్రేరకాన్ని నెలల్లో దించాల్సి వస్తుంది. క్లోరైడ్లూ, స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలూ మామూలు ఉక్కు గొట్టాలను తినేస్తాయి. అందుకే జిగురు తీసి, కడిగి, బ్లీచింగ్ మట్టితో వడగట్టే ప్రీట్రీట్‌మెంట్ యూనిట్ లేని ప్లాంటు ఖరీదైన శుద్ధి నూనే కొనాలి. అది ఉన్నవాడు చవక మురికి నూనె కొంటాడు, పైగా తక్కువ కార్బన్ మార్కులు కూడా వాడికే. లాభనష్టాల గీత చాలాసార్లు ఈ గది గుమ్మం దగ్గరే పడుతుంది.

ఇంకోటి వేడి. నూనె మీద హైడ్రోజన్ పనిచేసేటప్పుడు పుట్టే వేడి పెట్రోలియం కన్నా బాగా ఎక్కువ. తయారైన డీజిల్‌నే కొంత వెనక్కి తిప్పి కలుపుతూ, మధ్యమధ్య చల్లని హైడ్రోజన్ కొడుతూ అదుపులో పెట్టాలి. 2023 నవంబరు 19న మార్టినెజ్‌లో హీటర్ గొట్టం పగిలి మంటలు లేచాయి, ఒక ఉద్యోగి తీవ్రంగా కాలిపోయాడు. మొక్కజొన్న, సోయా అని పచ్చగా ప్రకటనలు వేసినా, లోపల జరిగేది హైడ్రోజన్, మంట, ఒత్తిడితో రిఫైనరీ పనే.

నూనె ఎంతని?

ఎకరానికి 50 బుషెళ్ళ (సోయా బుషెల్ అంటే సుమారు 27 కిలోలు) సోయా పండిందనుకుందాం. బుషెల్‌కు నూనె పదకొండున్నర పౌన్లు. ఎకరం మొత్తానికి 575 పౌన్లు, అంటే 72 గ్యాలన్ల డీజిల్. సెమీ ట్రక్కు రెండు టాంకులూ కలిపి 240 గ్యాలన్లు పడతాయి. ఒక ట్రక్కును ఒక్కసారి నింపడానికి మూడెకరాలకు పైగా ఏడాది పంట కావాలి. అందుకే వాడేసిన నూనె, పశువుల కొవ్వు, ఇథనాల్ ప్లాంట్లలో వచ్చే మొక్కజొన్న నూనె కోసం అంత వేట. కానీ వాటికీ హద్దుంది. సబ్బులకు పోయే కొవ్వు డీజిల్‌కు మళ్ళితే సబ్బుల వాడు పామాయిల్ కొంటాడు. కార్బన్ తగ్గిందా, చేతులు మారిందా అన్న తగువు అక్కడ మొదలవుతుంది. కాలిఫోర్నియా సోయా, కనోలా, పొద్దుతిరుగుడు నూనెలకు ఒక్కో కంపెనీకి 20 శాతం గరిష్ఠ హద్దు పెట్టింది అందుకే. ఫెడరల్ చట్టం అటు సోయాను ముందుకు తోస్తుంటే రాష్ట్రం ఇటు వెనక్కి లాగుతోంది.

మన వైపు ఈ లెక్క ఇంకా కటువుగా ఉంటుంది. భారత్ ఏటా 150 లక్షల టన్నులకు పైగా వంటనూనె దిగుమతి చేసుకుంటోంది, అందులో కొంత కాకినాడ రేవులోనే దిగుతుంది. కిలో నూనెకు లీటరు డీజిల్ అన్న సూత్రం గుర్తుంది కదా. హైదరాబాద్ బంకులో 2024–25లో డీజిల్ అన్ని పన్నులతో లీటరు 95 రూపాయల పైచిలుకు. దిగుమతి నూనె కిలో వంద దాటితే, ప్లాంటు ఖర్చు లేకుండానే లెక్క తప్పింది. 2018 జీవ ఇంధన విధానం 2030కి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలంది. దేశం వాడే డీజిల్ ఏటా సుమారు 9 కోట్ల టన్నులు. అంటే 45 లక్షల టన్నులు కావాలి. కలుస్తున్నది ఒక శాతం కూడా లేదు. కాకినాడలో అమెరికా కంపెనీ ఏమెటిస్ నడిపే ప్లాంటు లక్షన్నర టన్నుల సామర్థ్యంతో మొదలైంది. అదీ బయోడీజిలే, ఆర్99 కాదు. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం కాలిఫోర్నియాలోనే ఉండటం విశేషం. ఇక్కడ రిన్ లేదు, కార్బన్ క్రెడిట్ లేదు. చమురు కంపెనీలు టెండరు పిలిచి, అవి పెట్టిన రేటుకు కొంటేనే పొయ్యి వెలుగుతుంది. వాడేసిన నూనె మీద ఆశ ఉంది. మళ్ళీ మళ్ళీ కాగితే పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటిన నూనెతో వండకూడదని 2018 జులై నుంచి నిబంధన. ఆ నూనె సేకరించి బయోడీజిల్‌కు పంపే పథకమూ ఉంది. కానీ పెద్ద హోటల్లో వాడేసిన నూనె బజ్జీల బండికి చవగ్గా చేరే దారి ఇంకా మూసుకుపోలేదు. సేకరించేవాడు ఆ బండివాడికన్నా ఎక్కువ రేటు ఇవ్వగలిగితేనే ఆ నూనె డబ్బా బయోడీజిల్ వైపు కదులుతుంది.

కొనేవాళ్ళకు

కాలిఫోర్నియాలో ఎక్స్‌కవేటర్లు, లోడర్ల లాంటి రోడ్డెక్కని యంత్రాలు నడిపేవాళ్ళకు 2024 జనవరి 1 నుంచి కొన్ని మినహాయింపులతో ఆర్99 లేదా ఆర్100 తప్పనిసరి. బిల్లు మీద 'డీజిల్' అని మాత్రమే రాస్తే ఒప్పుకోకండి, ఆర్99 అని స్పష్టంగా రాయించుకుని రసీదులు దాచండి. పికప్పు ఉన్నవాళ్ళు మాన్యువల్ తీసి చూడండి. ఏఎస్‌టీఎం డి975 ప్రమాణానికి సరిపోయే డీజిల్ వాడొచ్చని ఉంటే చాలు, ఆర్99 ఆ ప్రమాణం కిందే అమ్ముతారు. బయోడీజిల్ 5 శాతానికి మించొద్దని రాసిన బండిలో 80-20 మిశ్రమం పోయకండి. పంపు మీద నారింజతో పాటు నీలం చీటీ కూడా ఉందేమో చూసుకోండి.

టాంకరు తెప్పించుకునేవాళ్ళు దింపించే ముందు విశ్లేషణ పత్రం అడగండి. అందులో మూడు గళ్ళు చూస్తే సరి: మబ్బు పట్టే ఉష్ణోగ్రత, అరుగుదల మైక్రాన్లు, బయోడీజిల్ శాతం. డిసెంబరులో ట్రకీ, టాహో కొండల మీదికి పోయే బండికి వేసవి సరుకు పోస్తే మొదటి చలిరాత్రే ఫిల్టరు మైనం పట్టి కూర్చుంటుంది. పాత టాంకులో మామూలు డీజిల్ పావువంతు మిగిలి ఉండగా ఆర్99 పోయొచ్చు, రెండూ కలుస్తాయి. ఖాళీ చేసి కడగక్కర్లేదు. పాత రబ్బరున్న యంత్రాలకైతే అలా కలుపుతూ మార్చడమే మేలు.